ఒక తాబేలు, పెక్కు తీరములు

సముద్రపు తాబేలు తన జీవితమంతయు నీటిలోనే గడపును. ఆడుది మాత్రము గ్రుడ్లు పెట్టు కాలమున ఒకటి రెండు రాత్రులు గట్టెక్కి, ఇసుకలో గుంత త్రవ్వి, నూరు గ్రుడ్లకు పైగా పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడక వెడలిపోవును. మగది పిల్లగా నీటిని చేరిన నాటినుండి మరల నేల త్రొక్కుట మిక్కిలి అరుదు. ఈ ప్రాణిని గూర్చి మానవుడు చిరకాలము ఎరిగినదంతయు ఆ కొద్ది గంటల పరిచయమే. ఒక ఊరివాడు దాని గ్రుడ్లను చూచెను. వేయి మైళ్ల ఆవల మరియొక ఊరివాడు దానిని తన వలలో చూచెను. ఇరువురు చూచినది ఒక్క ప్రాణినే యని చెప్పగలవాడు లేకపోయెను. ఆ ఇరువురి మాటలను కలుపుటకు పట్టిన కాలమును, ఆ పనిలో పుట్టిన తగవులను, కుదిరిన ఒప్పందములను గూర్చి ఈ ప్రసంగమున ముచ్చటింపదలచితిమి.

బంగాళాఖాతపు పడమటి తీరమున విస్తారముగ కనబడు జాతిని ఆలివ్ రిడ్లీ అందురు. సముద్రపు తాబేళ్లలో ఇది చిన్నది. నిడివి రెండడుగులకు కొంచెము పైన; బరువు 40 కిలోల ప్రాంతము. రొయ్యలు, పీతలు, జెల్లీచేపలు దీని ఆహారము. కార్తికము మొదలు ఇవి తీరమునకు చేరువగా వచ్చి జతకూడును; మాఘ ఫాల్గుణములలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు పిల్ల యగుటకు 45 మొదలు 60 దినములు పట్టును. పిల్ల ఆడుదగుటయో మగదగుటయో ఇసుక వేడిమినిబట్టి యుండును. ఇసుక వేడెక్కినకొలది ఆడుపిల్లలు అధికమగును.

మనవారికి ఈ ప్రాణి క్రొత్తది కాదు. శ్రీకాకుళమునకు చేరువనున్న శ్రీకూర్మ క్షేత్రమున విష్ణువు కూర్మరూపమున పూజలందుకొనుచున్నాడు. తాబేటిని అవతారమూర్తిగా తలచి, వలలో చిక్కినను చంపుటకు వెనుదీయు జాలరులు ఉత్తర కోస్తాలోను గంజాం తీరమునను పెక్కురు కలరు. అయినను ఆ భక్తి తల్లిపై నిలిచినంతగా గ్రుడ్లపై నిలువలేదు.

ఇక శాస్త్రజ్ఞుల సంగతి. తాబేటి యాత్రలను తెలిసికొనుటకు వారు కనిపెట్టిన తొలి సాధనము మిక్కిలి చౌకయైనది. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆర్చీ కార్ 1955లో కోస్టారికా దేశమున టార్టుగెరో అను సముద్రతీరమున పచ్చ తాబేళ్లకు లోహపు బిళ్లలు తగిలింప నారంభించెను. మొదట డిప్పకు తీగతో కట్టి చూచిరి, అవి ఊడిపోయెను. పిమ్మట పశువుల చెవులకు తగిలించు బిళ్లలను తెచ్చి తాబేటి ముందరి తెడ్డుకాలికి గ్రుచ్చిరి. బిళ్లపై ఒక అంకె, ఒక చిరునామా, పంపినవారికి బహుమాన మిత్తుమను మాట – అంతియే. తాబేలు పోయిన త్రోవన పోయెను. కొంతకాలమునకు నికరాగ్వా తీరపు వేటగాండ్రనుండి బిళ్లలు, వానితో ఉత్తరములు రాసాగినవి. ఎవరో ఎరుగని పల్లెకారుడు తాను పట్టిన తాబేటి కాలి బిళ్లను తీసి, తపాలాలో వేసినప్పుడే ఈ పరిశోధన ఫలించును. పరికరము శాస్త్రజ్ఞునిది; ఫలితము మాత్రము జాలరి చేతిలోనిది. ఈ సంగతిని విద్వాంసులు పలుమార్లు మరచుటయు, మరచినప్పుడెల్ల పని చెడుటయు ముందు చూడగలము.

రిడ్లీ జాతులకు మాత్రమే గల ఒక వింత నడవడి యున్నది. వేలు, లక్షలు ఒక్క తీరమున కొలది రాత్రులలో మూకుమ్మడిగా గట్టెక్కును. స్పానిష్ భాషలో దీనిని అరిబాదా, అనగా ‘రాక’, అందురు. ఆలివ్ రిడ్లీకి సోదరజాతియైన కెంప్ రిడ్లీ ఎచ్చట గ్రుడ్లు పెట్టునో తెలియక శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి వెదకిరి. మెక్సికో దేశస్థుడైన హెర్రేరా అను ఇంజనీరు 1947లోనే రాంచో న్యూవో తీరమున ఆ దృశ్యమును చలనచిత్రముగా తీసియుండెను. ఆ చిత్రము 1961 వరకు విద్వత్సభల కంటబడలేదు. తీరవాసులకు తెలిసిన సంగతి పండితులకు చేరుటకు పదునాలుగేండ్లు పట్టెను! మన దేశమున జరిగినదియు ఇట్టిదే.

1974లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పక్షమున రాబర్ట్ బస్టర్డ్ అను నిపుణుడు మొసళ్ల సంరక్షణకై మన దేశమునకు వచ్చెను. ఒడిశాలో బ్రాహ్మణీ వైతరణీ నదులు సముద్రమును చేరుచోట భితర్‌కనికా మడ అడవులు కలవు. మొసళ్లను చూడబోయిన ఆయనకు ఆ అడవుల అంచున గహిర్మాథా ఇసుక తీరమున తాబేళ్ల మహాసమూహపు వార్త దొరకెను. ప్రపంచమునందు ఇంతకు మించిన గ్రుడ్ల తావు కలదా యని ఆయన 1976లో ప్రకటించిన వ్యాసము లోకమును ఆశ్చర్యపరచెను. ఆ ఊళ్లవారికి ఇందు ఆశ్చర్యమేమియు లేదు. తాబేటి గ్రుడ్లను సేకరించుటకు అంతకు ముందు లైసెన్సులే యుండెడివి. పడవల నిండుగా గ్రుడ్లు కలకత్తా బజారులకు పోవుచుండెడివి. 1975లో భితర్‌కనికా అభయారణ్యమయ్యెను. గ్రుడ్ల వ్యాపారము అణగెను. కాని అంతలోనే మరపడవలు పెరిగి, పెద్ద తాబేళ్లనే పట్టి మాంసమునకై బండ్లపైనను రైళ్లలోను హౌరాకు పంపు వ్యాపారము ప్రబలెను. సముద్రపు తాబేళ్లను 1977లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున చేర్చినను, 1980వ దశకపు తొలి సంవత్సరములలో తీరరక్షక దళము సముద్రముమీద కాపలా కాయ మొదలిడిన పిమ్మటగాని ఆ వ్యాపారము ఆగలేదు.

గహిర్మాథాలో చంద్రశేఖర కర్ ప్రభృతులు తాబేళ్లకు బిళ్లలు తగిలించుచున్న కాలముననే మద్రాసులో వేరొక ప్రయత్నము సాగుచుండెను. అచ్చటి పాముల పార్కు స్థాపకుడు రోములస్ విటేకర్, ఆయన మిత్రులు 1970వ దశకమున రాత్రివేళ తీరము వెంబడి నడచి, గ్రుడ్లను కుక్కల నోటబడకుండ తెచ్చి, కంచె వేసిన ఇసుకలో పొదిగింపజేసిరి. 1988లో ఆ పనిని విద్యార్థులు కైకొనిరి.

ఆ మిత్రబృందములోనివాడే సతీష్ భాస్కర్. ఇతనిని గూర్చి ఒక్క క్షణము ఆగి చెప్పక పోజాలము. 2023లో దివంగతుడైన ఈ మహానుభావుడు 1977 మొదలు మన దేశపు తీరములను, దీవులను కాలినడకన కొలిచెను. అట్లు నడచినది నాలుగు వేల కిలోమీటర్లకు పైమాట. ఏ తీరమున ఏ జాతి తాబేలు గట్టెక్కునో మనకు తెలిసినదానిలో పెద్ద భాగము ఆయన పాదముల చలువయే. 1982లో లక్షద్వీపములందలి నిర్జనమైన సుహేలీ దీవిలో వానకాలమంతయు ఒంటరిగా నుండి పచ్చ తాబేళ్లను పరిశీలించెను. ఆ ఋతువున అటు పడవలు పోవు. ఇంటికి కబురు పంపదలచి, ఒక ఉత్తరమును సీసాలో పెట్టి బిరడా బిగించి సముద్రమున విడిచెను. అది సింహళ తీరమున ఒక జాలరికి దొరకెను. ఆతడు దానిని తపాలాలో వేసి, మద్రాసులోని భాస్కర్ భార్యకు చేర్చెను. తాబేళ్ల శాస్త్రమునకు ఈ కథతో సూటియైన సంబంధము లేదు. కాని రాజ్యముల మధ్య పత్రములు నడువక పూర్వమే తీరమునకు తీరమునకు నడుమ జాలరుల తపాలా ఎట్లుండెనో చెప్పుటకు మాకింతకంటె చక్కని ఉదాహరణము దొరకలేదు.

విడివిడిగా నున్న ఈ ప్రయత్నములవారు ఒకచోట కూడుట 1984 ఫిబ్రవరిలో మద్రాసున జరిగెను. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఏర్పరచిన ఆ గోష్ఠిలో వివిధ తీరముల సమాచారము ఒక్క సంపుటమునకు ఎక్కెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పరిశోధకులును ఆ దశకమున విశాఖపట్టణము, భీమునిపట్టణముల మధ్య తీరమును పరిశీలించిరి.

1994లో మరియొక వార్త. గంజాం జిల్లాలో ఋషికుల్యా నది సముద్రమున కలియుచోట మూకుమ్మడిగా తాబేళ్లు గట్టెక్కుచున్నవని భారత వన్యప్రాణి సంస్థకు చెందిన విభాస్ పాండవ్ లోకమునకు తెలిపెను. గంజాము 1936 వరకు మద్రాసు రాజధానిలోనిది. ఆ నదీముఖమున నివసించు జాలరి కుటుంబములు పెక్కింటికి ఇప్పటికిని ఇంటి భాష తెలుగే. పుట్టిననాటినుండి వారు చూచుచున్న దృశ్యమును శాస్త్రము ఆ ఏట కనుగొనెను! అయితే ఈ మారు ఒక మంచి జరిగెను. ఆ పల్లెల యువకులే సంఘముగా కూడి, పిల్లలు సముద్రమునకు పోవక వీధి దీపముల వైపు ప్రాకిపోకుండ కావలి కాచిరి, పరిశోధకులకు కుడిభుజమైరి.

పాండవ్ బృందము ఆ దశకమున వేలకొలది తాబేళ్లకు బిళ్లలు వేసెను. అందు కొన్ని దక్షిణ తమిళ తీరమునను, సింహళమునను దొరకెను. 2001లో దేవీ నదీముఖమున నాలుగు తాబేళ్లకు ఉపగ్రహ సంకేతములనిచ్చు పరికరములను అమర్చగా, ఒకటి సింహళపు జలములవరకు పోవుటను శాస్త్రజ్ఞులు బల్లయొద్ద కూర్చుండి చూచిరి. ఒడిశాలో కన్నబిడ్డకు సింహళము మేత బీడు. నడుమ ఆంధ్ర తీరము దారి. ఈ మాట మనసున పట్టింపదగినది. ఇల్లు కాపాడువారు గలరు, బీడు కాపాడువారు గలరు. దారి ఎవరిదని అడిగినచో బదులు దొరకదు.

దారిలోనే చావు పొంచియున్నది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చు ప్రాణి; కొంతసేపటికైనను నీటిపైకి రావలయును. రొయ్యలకై అడుగున లాగు ట్రాలు వల గంటలకొలది పైకి రాదు. అందు చిక్కిన తాబేలు ఉక్కిరిబిక్కిరియై మరణించును. ఒడిశా తీరమున 1997–98 ఋతువున కొట్టుకొనివచ్చిన కళేబరములే 13 వేలకు పైగా లెక్కకు వచ్చెను. ఆ ట్రాలర్లన్నియు ఒడిశావి కావు. విశాఖ రేవునుండి ఉత్తరపు రొయ్యల మేటలకు పోవు పడవలు మనకు తెలియనివి కావు. 1997 సెప్టెంబరులో గహిర్మాథా సముద్ర అభయారణ్యముగా ప్రకటింపబడెను. విస్తీర్ణము 1,435 చదరపు కిలోమీటర్లు. నవంబరు మొదలు మే వరకు అచ్చట చేపలవేట నిషిద్ధము.

ఇంతలో తగవు సముద్రములు దాటెను. అమెరికావారు వల మెడయందు ఏటవాలుగా నిలుపు ఊచల చట్రమొకటి కల్పించిరి. రొయ్యలు ఊచల సందున వెనుకకు పోవును. తాబేలు ఊచలకు తగిలి, జారి, పైనున్న కంతగుండ బయటపడును. ఇట్టి చట్రము లేని దేశములనుండి రొయ్యలను కొనమని వారు శాసించిరి. భారత, పాకిస్తాన్, మలేసియా, థాయిలాండు దేశములు కలసి ప్రపంచ వాణిజ్య సంస్థయెదుట ఫిర్యాదు చేసినవి. భారత పాకిస్తానములు ఒక్క పక్షమున నిలుచుట తాబేటి పుణ్యమున గాని మరియొకందుకు సులభము కాదు గదా! 1998 అక్టోబరులో తుది తీర్పు వచ్చెను. తాబేళ్లను కాపాడ గోరుట న్యాయమే. కాని అమెరికా ఖండపు దేశములతో ముందుగా సంప్రదించి ఒడంబడిక చేసికొన్నవారు ఆసియా దేశములతో అట్లు సంప్రదింపక ఆంక్ష విధించుట పక్షపాతము – ఇది దాని సారాంశము.

ఆ తీర్పు ఎవరికి గెలుపో యని వాదించువారు నేటికిని కలరు. మా అభిప్రాయమున గెలుపు వేరొకచోట నున్నది. సంప్రదింపవలెనను మాట పుట్టుటచే, హిందూ మహాసముద్రపు దేశములు ఒక్క పందిటిలో కూర్చుండుటకు త్వర కలిగెను. అప్పటికే 1997 జనవరిలో భువనేశ్వరమున ఉత్తర హిందూ మహాసముద్ర దేశముల నిపుణులు సమావేశమై యుండిరి. 2001లో, వలస జంతువుల సంరక్షణ ఒడంబడిక నీడలో, హిందూ మహాసముద్ర, ఆగ్నేయాసియా దేశముల అవగాహన పత్రము అమలునకు వచ్చెను. దాని కార్యప్రణాళిక మనీలాలో కుదిరెను. మన దేశము 2007లో చేవ్రాలు చేసెను. ఆ పత్రమునకు చట్టబలము లేదు. మాట తప్పినవారిని శిక్షించు అధికారము లేదు. అయినను ఏయే దేశము ఏమి చేసినదో వ్రాసి యిచ్చుట, ఒకరి బిళ్లల లెక్క మరియొకరికి తెలుపుట అలవాటయ్యెను. బలము లేని కాగితమని దానిని తీసివేయుట మాకు సమ్మతము కాదు; సీసాలోని ఉత్తరమునకు మాత్రము ఏ చట్టబలమున్నది?

కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగిన చట్రమును రూపొందించెను. తీరరాష్ట్రములలో పంచిపెట్టిరి. కాని ఎందరు జాలరులు వానిని వాడిరి? కంతగుండ తాబేటితోబాటు చేపలును పోవునని వారి భయము. ఆ భయమును తీర్చకుండ చట్రమును చేతిలో పెట్టినచో అది పడవ మూల పడియుండుట సహజము. మరియొక సంగతి. నిషేధము ట్రాలరు యజమానిపై ఎంత పడునో, నాటు పడవతో రెండు మైళ్లు పోయి వచ్చు పేదవానిపై అంతకు మించి పడును. తాబేళ్ల చావులో ఆతని పాలు మాత్రము స్వల్పము. ఈ వ్యత్యాసమును గుర్తించి, 2004లో ఒడిశాలో మత్స్యకార సంఘములవారును ప్రకృతి సంరక్షకులును ఒక వేదికపై కూడిరి. కూడినంతమాత్రమున కష్టములన్నియు తీరలేదు. తాబేలు పేరు వినిన మొగము చిట్లించు జాలరి నేటికిని కలడు. ఆతని కోపమున న్యాయము లేదనుట మావలన కాదు.

1999–2002 నడుమ కేంద్ర ప్రభుత్వము, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము కలసి నడపిన ప్రణాళికలో తీరరాష్ట్రములన్నియు పాల్గొన్నవి. అప్పుడే బాసుదేవ్ త్రిపాఠీ మున్నగువారు ఆంధ్ర తీరమును సర్వే చేసి, ఒడిశావలె లక్షలు కాకున్నను, ముఖ్యముగా శ్రీకాకుళపు ఇసుకలలో తాబేళ్లు ఒంటరిగ వచ్చి గ్రుడ్లు పెట్టుచున్నవని చూపిరి. ఇట్లు ఒంటరిగ వచ్చునవి, మూకగా వచ్చునవి వేర్వేరు వంశములా అను ప్రశ్నకు సమాధానము సముద్రమునకు దూరమైన హైదరాబాదులో దొరకెను. సి.సి.ఎం.బి. ప్రయోగశాలలో కార్తీక్ శంకర్, రమేశ్ అగర్వాల్ ప్రభృతులు జన్యుపదార్థమును పరీక్షించి, తూర్పుతీరపు రిడ్లీలన్నియు ఒక్క వంశమే యనియు, ఇతర సముద్రములందలి రిడ్లీలకంటె ఇవి ప్రాచీనమైన శాఖ యనియు 2004లో ప్రకటించిరి. కావున మద్రాసు ఇసుకలో గాని, కళింగపట్టణపు ఇసుకలో గాని ఒక్క గుంతను కాపాడినవాడు ఒడిశా సంతతినే కాపాడినట్లు.

దక్షిణమునకు చూచినచో విస్తీర్ణము ఇంకను పెద్దది. చిన్న అండమానునుండి ఉపగ్రహ పరికరములతో 2011 మొదలు విడిచిన తోలు తాబేళ్లు కొన్ని ఆస్ట్రేలియా వైపునకు, కొన్ని ఆఫ్రికా తీరము వైపునకు ఈదిపోయినవి.

2025లో ఋషికుల్యలోను గహిర్మాథాలోను, ఒక్కొక్కచోట ఆరు లక్షలకు పైగా తాబేళ్లు గట్టెక్కినవని లెక్కించిరి. ఆ ఏట జనవరిలోనే వేరొక విచిత్రము జరిగెను. మహారాష్ట్రమున రత్నగిరి జిల్లాలోని గుహాగర్ తీరమునకు రాత్రివేళ ఒక తాబేలు వచ్చెను. దాని కాలికి బిళ్ల యుండెను. అంకె 03233. లెక్క పుస్తకములు తిరుగవేయగా, భారత జంతు సర్వేక్షణ సంస్థకు చెందిన త్రిపాఠీ బృందము – లోగడ మన ఆంధ్ర తీరమును నడచి చూచిన త్రిపాఠీయే – 2021లో గహిర్మాథాలో తగిలించిన బిళ్ల అది యని తేలెను. తూర్పు సముద్రపు తాబేళ్లు వేరు, పడమటి సముద్రపు తాబేళ్లు వేరని అంతవరకు నమ్మియుండిరి. ఇది బంగాళాఖాతమును దిగి, ద్వీపకల్పపు కొనను చుట్టి, అరేబియా సముద్రమున కెక్కి, సుమారు 3,500 కిలోమీటర్లు ప్రయాణించినదని అంచనా. కొంకణపు ఇసుకలో గ్రుడ్లు పెట్టి, కప్పి, ఆ బిళ్లతోనే అది మరల నీటిలో దిగెను.